లెదర్ సీటుకు క్లీనర్ కొనే ముందు నీటి చుక్క వేసి చూడండి

మియాపూర్‌లో కార్ల లోపలి క్లీనింగ్ నా పని. చాలామంది కస్టమర్లు షాపులో మెరిసే డబ్బా చూసి కొనేస్తారు. ముందు సీటు ఏ రకమో తెలుసుకోవాలి. కనపడని చోట నీటి చుక్క వేయండి. పైనే నిలిస్తే కోటింగ్ ఉన్న లెదర్ లేదా రెగ్జిన్. వీటికి పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లం, క్షారం రెండూ కాని) క్లీనర్ చాలు. చుక్క ఇంకిపోయి ఆ చోటు ముదురు రంగుకి మారితే కోటింగ్ లేని లెదర్. దానికి ప్రత్యేకమైన క్లీనరే వాడాలి.

గిన్నెల సబ్బు, శానిటైజర్, వెనిగర్, బ్లీచ్ వద్దే వద్దు. కోటింగ్ దెబ్బతింటుంది. మెరుపు కోసం కొబ్బరినూనె రాస్తుంటారు, అదీ వద్దు. జిడ్డుకి మన రోడ్ల దుమ్మంతా అంటుకుంటుంది.

మే ఎండలో నిలబెట్టిన కారుకి వెంటనే పట్టించకండి, క్లీనర్ ఆరిపోయి మరకలు కడుతుంది. నీడలో పెట్టి, తలుపులు తీసి, సీటు చల్లారాక మొదలెట్టండి. వాక్యూమ్ తప్పనిసరి, లేకపోతే ఇసుక రేణువులే గీతలు పెడతాయి.

క్లీనర్‌ని సీటు మీద కాదు, మెత్తటి బ్రష్ మీద స్ప్రే చేయండి. గాలి వచ్చేలా చిల్లులున్న సీట్ల మీద నేరుగా స్ప్రే చేస్తే తడి లోపలి ఫ్యాన్ దాకా దిగుతుంది. తలకు రాసుకున్న నూనె అంటుకునే హెడ్‌రెస్ట్ దగ్గర రెండుసార్లు మెల్లగా రుద్ది, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. గుడ్డకి సీటు రంగు అంటుతోందా? అక్కడితో ఆపేయండి.