గ్రాఫీన్ జంక్షన్‌లో సూపర్ కరెంట్: మూడో పాఠం, గ్రాఫు చదవడం

పోయిన పాఠంలో జోసెఫ్సన్ 1962లో చెప్పిన సంగతి దగ్గర ఆగాం. రెండు సూపర్ కండక్టర్ల (బాగా చల్లబరిస్తే నిరోధం లేకుండా కరెంటు పారే పదార్థాల) మధ్య పలుచని అడ్డు ఉన్నా, వోల్టేజీ లేకుండానే కరెంటు పారుతుంది. దాన్ని నడిపేది రెండు వైపుల ఫేజుల, అంటే ఎలక్ట్రాన్ జతల తరంగ దశల మధ్య తేడా. ఈసారి ఆ అడ్డు బదులు గ్రాఫీన్ (ఒక్క అణువు మందం ఉన్న కార్బన్ పొర) పెట్టి, ల్యాబులో కొలిచిన గ్రాఫు నుంచి స్విచింగ్ కరెంట్, మామూలు నిరోధం అనే రెండు విలువలు తీయడం నేర్చుకుందాం. నల్లగొండ, దేవరకొండ, పాలమూరులో ఎమ్మెస్సీ చదివేవాళ్లకు మిల్లీకెల్విన్ ఫ్రిజ్ అందుబాటులో లేకపోవచ్చు. ఈ పనికి గ్రాఫ్ పేపరు, స్కేలు చాలు.

ముందు లోపల జరిగేది చూడండి. ఒక్క పొర గ్రాఫీన్ తనంతట తాను సూపర్ కండక్టర్ కాదు. దాని మీద కొన్ని వందల నానోమీటర్ల ఎడంతో రెండు అల్యూమినియం పట్టీలు వేసి, అల్యూమినియం సూపర్ కండక్టర్ అయ్యే 1.2 కెల్విన్ కంటే బాగా చల్లబరుస్తారు. గ్రాఫీన్‌లోని ఎలక్ట్రాన్ పట్టీ అంచుకు చేరినప్పుడు ఒంటరిగా లోపలికి పోలేదు. ఇంకో ఎలక్ట్రాన్‌ను జత చేసుకుని పోతుంది, దాని చోట ఒక హోల్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీ, పాజిటివ్ చార్జిలా నడుస్తుంది) వెనక్కి వస్తుంది. దీన్నే ఆండ్రీవ్ పరావర్తనం అంటారు. ఆ హోల్ అవతలి పట్టీని తాకి మళ్లీ ఎలక్ట్రాన్‌గా తిరిగివస్తుంది. ఒక్కో రౌండుకు రెండు ఎలక్ట్రాన్ల చార్జి అటు చేరుతుంది.

గ్రాఫీన్ ప్రత్యేకత గేటు వోల్టేజీలో ఉంది. కింద ఉన్న సిలికాన్‌కు వోల్టేజీ ఇస్తే గ్రాఫీన్‌లో చార్జి సంఖ్య పెరుగుతుంది, తగ్గుతుంది. సాగర్ ఎడమ కాలువ తూముకు షటర్ ఎత్తి దించినట్టే. కానీ షటర్ పూర్తిగా దించినా ఇక్కడ పారకం ఆగదు. చార్జి సగటున సున్నా అయ్యే డిరాక్ బిందువు దగ్గర కూడా సూపర్ కరెంట్ మిగులుతుందని నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం 2007లో కొలిచి చూపింది. ఎలక్ట్రాన్ల వైపు, హోల్‌ల వైపు రెండింటా అది పారింది. నాకు ఈ మొత్తం సబ్జెక్టులో ఇంతకంటే అందమైన కొలత కనపడలేదు.

ఇక గ్రాఫు. అడ్డంగా కరెంటు, నిలువుగా వోల్టేజీ. కరెంటు పెంచుతూ పోతే కొంతదాకా వోల్టేజీ సున్నా, తర్వాత ఒక్కసారిగా ఎగురుతుంది. ఆ ఎగిరే చోటే స్విచింగ్ కరెంట్. వేడి వల్ల, నాయిస్ వల్ల ఇది అసలైన క్రిటికల్ కరెంట్ (జంక్షన్ వోల్టేజీ లేకుండా మోయగల గరిష్ఠ కరెంటు) కంటే కాస్త తక్కువే వస్తుంది. కరెంటు తగ్గిస్తూ వస్తే గీత చాలాసార్లు ఇంకా తక్కువ విలువ దగ్గర సున్నాకు దిగుతుంది, ఆ దిగే చోటి విలువను తీసుకోవద్దు.

మనం తీయాల్సిన రెండో విలువ మామూలు నిరోధం, అంటే సూపర్ కరెంట్ ప్రభావం లేనప్పుడు జంక్షన్‌కు ఉండే నిరోధం. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఎగిరిన వెంటనే ఉన్న వాలు తీసుకుంటారు. అల్యూమినియం గ్యాప్ (ఎలక్ట్రాన్ జతను విడదీయడానికి ఒక్కో ఎలక్ట్రాన్‌కు కావాల్సిన శక్తి) దాదాపు 180 మైక్రో ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి 360, 180, 120 మైక్రో వోల్టుల దగ్గర ఆండ్రీవ్ పరావర్తనాలు పదేపదే జరిగి గీత మెలికలు తిరగొచ్చు. 360 దాటి బాగా పైకి, గీత తిన్నగా మారిన చోట వాలు తీయండి. వోల్టేజీని కరెంటుతో భాగించి ఊరుకోవద్దు. ఆ తిన్నని గీతను వెనక్కి పొడిగిస్తే సాధారణంగా సున్నా గుండా పోదు, కరెంటు అక్షాన్ని కుడివైపు తాకుతుంది. ఆ మిగులు కరెంటు కూడా ఆండ్రీవ్ పరావర్తనం గుర్తే.

సాధన కోసం నేను అనుకున్న అంకెలు: గేటు బాగా పెంచినప్పుడు 400 నానో ఆంపియర్లు, 250 ఓములు. గుణిస్తే 100 మైక్రో వోల్టులు. డిరాక్ బిందువు దగ్గర 30 నానో ఆంపియర్లు, 2 కిలో ఓములు. గుణిస్తే 60. కరెంటు పదమూడు రెట్లు పడిపోయింది, లబ్ధం మాత్రం సగం కూడా తగ్గలేదు. అంటే కరెంటు తగ్గడానికి పెద్ద కారణం నిరోధం పెరగడమే. అందుకే కరెంటు ఒక్కటే చూసి రెండు జంక్షన్లను పోల్చకూడదు.

వచ్చే పాఠానికి ఈ లెక్క చేసి ఉంచండి: 300 నానోమీటర్ల పొడవు, 2 మైక్రోమీటర్ల వెడల్పు ఉన్న జంక్షన్‌లో ఒక ఫ్లక్స్ క్వాంటం (అయస్కాంత ప్రవాహపు అతిచిన్న మోతాదు), అంటే 2.07 × 10⁻¹⁵ వెబర్, పట్టాలంటే ఎంత అయస్కాంత క్షేత్రం కావాలి? 3.4 మిల్లీ టెస్లా చుట్టుపక్కల రావాలి. ల్యాబులో మాత్రం అంతకంటే తక్కువ క్షేత్రానికే మొదటిసారి కరెంటు సున్నాకు పడుతుంది. క్షేత్రం అల్యూమినియం లోపలికి ఎంత దూరం చొరబడుతుందో ఆలోచించండి.