బస్తీలో పనికి సీఎస్ఆర్ నిధులు అడగాలంటే: ప్రపోజల్ రాసే పద్ధతి

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగంలో ప్రపోజల్‌ను మొదటి పేజీ నుంచి వరసగా చదివేవాళ్లు తక్కువ. ముందు బడ్జెట్ తెరుస్తారు, తర్వాత సంస్థ కాగితాలు చూస్తారు. ఆ రెండూ సరిగ్గా ఉంటేనే బస్తీ గురించి రాసిన పేజీల్లోకి వస్తారు. అక్కడ వాళ్లు వెతికేది ఒక్కటే: సమస్య దగ్గర రాసిన అంకె, పని దగ్గర రాసిన అంకె, బడ్జెట్‌లో అంకె, ఫలితం దగ్గర అంకె ఒకదానితో ఒకటి కలుస్తున్నాయా? సర్వేలో 96 మంది పిల్లలని చెప్పి, 60 మందికే పుస్తకాలు లెక్కగట్టి, చివర్లో '200 మందికి లబ్ధి' అని రాస్తే తిరస్కరించడానికి వేరే కారణం అక్కర్లేదు.

ఉదాహరణగా సికింద్రాబాద్‌లోని అడ్డగుట్టలో 3 నుంచి 8 తరగతుల పిల్లల కోసం ఏడాదిపాటు నడిపే సాయంత్రం చదువు కేంద్రాన్ని తీసుకుందాం. కింద వచ్చే సర్వే అంకెలు, ధరలు నమూనా కోసం వేసినవి. మీ బస్తీ లెక్కలు మీరే వేసుకోవాలి.

ఎవరిని అడగాలి

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చు పెట్టాలి. హైదరాబాద్‌లో అలాంటివాటికి కొదవ లేదు. ఫార్మా, ఐటీ కంపెనీలతోపాటు ఎన్ఎండీసీ, బీడీఎల్, మిధాని లాంటి ప్రభుత్వ రంగ సంస్థల ప్రధాన కార్యాలయాలూ ఇక్కడే ఉన్నాయి. అయితే అందరికీ ఒకే ప్రపోజల్ పంపితే మీకూ దండగ, వాళ్లకూ దండగ. కంపెనీ వార్షిక నివేదిక చివర సీఎస్ఆర్ అనుబంధం ఉంటుంది. కిందటేడు సీఎస్ఆర్‌కు ఎంత ఖర్చు పెట్టారో అందులో తెలుస్తుంది, ఏ పనులు ఆమోదించారో కంపెనీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. చదువు మీద పైసా పెట్టని కంపెనీని చదువు కేంద్రానికి అడగడం కన్నా, పెట్టిన నలుగురిని వెతుక్కోవడం మేలు.

జిల్లా పేరు జాగ్రత్తగా రాయండి. స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది కాబట్టి చాలా కంపెనీలు ప్లాంటు ఉన్న జిల్లానే చూస్తాయి. మనం అన్నిటినీ హైదరాబాద్ అనే అంటాం గానీ కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా, శేరిలింగంపల్లి రంగారెడ్డి, పటాన్‌చెరు సంగారెడ్డి.

మీ పని చట్టంలోని ఏడో షెడ్యూల్‌లో ఏ అంశం కిందికి వస్తుందో కూడా మీరే రాసివ్వండి. మన కేంద్రం 'విద్య' కిందికి వస్తుంది. 'మురికివాడల అభివృద్ధి' అనే అంశం కూడా అందులో ఉంది. ఒక్క రోజు వేడుకలు, బహుమతి ప్రదానాలు, పరుగు పందేలు సీఎస్ఆర్ లెక్కలోకి రావు. ప్రారంభోత్సవం ఖర్చును బడ్జెట్‌లో పెట్టాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

ముందు కాగితాలు

సొసైటీ లేదా ట్రస్ట్ రిజిస్ట్రేషన్, బైలాస్, పాన్, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ గుర్తింపులు, మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, ఎన్జీవో దర్పణ్ ఐడీ (స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే నంబరు), సీఎస్ఆర్-1 నంబరు (సీఎస్ఆర్ డబ్బు తీసుకోవడానికి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైతే వచ్చేది) సిద్ధంగా ఉండాలి. 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్ఆర్-1 లేని సంస్థకు కంపెనీ ఈ డబ్బు ఇవ్వడానికి లేదు. మామూలు సొసైటీకో ట్రస్టుకో కనీసం మూడేళ్లు ఇలాంటి పని చేసిన అనుభవం కూడా ఉండాలి. సంస్థ పెట్టి ఏడాదే అయితే, ఈ అర్హతలున్న మరో సంస్థ పేరు మీద ప్రపోజల్ వేసి, బస్తీలో పని మీరు చూసుకోవడమే దారి. అప్పుడు జవాబుదారీ ఆ సంస్థదే కాబట్టి ఇద్దరి మధ్య రాతపూర్వక ఒప్పందం ఉండాలి. విదేశీ విరాళాలకు ఈ దారి పనికిరాదు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద వచ్చిన డబ్బును ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు.

ఇక్కడ ఎక్కువమంది ఇరుక్కునేది పేరు దగ్గర. రిజిస్ట్రేషన్‌లో ఒక స్పెల్లింగ్, పాన్‌లో ఒకటి, బ్యాంకు ఖాతాలో 'సొసైటీ' అన్న మాటే ఉండదు. ప్రపోజల్ ఎంత బాగున్నా ఫైనాన్స్ విభాగం అక్కడే ఆపేస్తుంది. మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. కార్యవర్గం మారితే కొత్త జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలైందో లేదో చూసుకోండి.

సమస్య: బస్తీ నుంచి రావాలి, గూగుల్ నుంచి కాదు

'పేద పిల్లలు చదువులో వెనుకబడి ఉన్నారు' అన్న వాక్యం దేశంలో ఏ ఊరికైనా అతుకుతుంది, అందుకే ఎవరికీ పట్టదు. దాని బదులు ఇలా రాయండి: 'బస్తీలో 140 ఇళ్లు తిరిగాం. 3–8 తరగతుల పిల్లలు 96 మంది. వారిలో 61 మంది రెండో తరగతి స్థాయి కథ చదవలేకపోయారు. 38 మంది ఇళ్లలో రాత్రి 8 దాకా పెద్దలెవరూ ఉండరు.' నాలుగు వాక్యాల్లో పని ఎందుకు అవసరమో, సాయంత్రమే ఎందుకు కావాలో రెండూ తేలిపోయాయి.

ఈ లెక్క తీయడం కష్టమేమీ కాదు. చదివే స్థాయికి, పిల్లల చదువును కొలిచే 'అసర్' సర్వే పద్ధతి వాడొచ్చు: అక్షరం, పదం, చిన్న పేరా, కథ. గణితానికి అంకెలు గుర్తుపట్టడం, తీసివేత, భాగహారం. ఏ భాషలో చదివించారో ప్రతి పిల్లాడి పేరు పక్కన రాయాలి. ఉర్దూ మీడియం పిల్లాడికి తెలుగు కథ ఇచ్చి చదవలేడని నమోదు చేస్తే ఆ సర్వే మొత్తం చెల్లదు. చుట్టుపక్కల బడుల పేర్లతోపాటు వాటి 11 అంకెల యూడైస్ కోడ్ (ప్రతి బడికీ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు) కూడా ఇస్తే చదివేవాళ్లు సరిచూసుకోగలరు.

సర్వే నోట్సు బస్తీలో తిరిగినవాళ్లే తెలుగులో రాయాలి. ప్రపోజల్ ఇంగ్లిష్‌లోనే పంపాల్సి వచ్చినా, ఆ నోట్సు నుంచే తయారుకావాలి. నేరుగా ఆఫీసులో కూర్చుని ఇంగ్లిష్‌లో మొదలుపెడితే పాత ప్రపోజల్‌లోని పడికట్టు మాటలే మళ్లీ వస్తాయి. కిందటిసారి పంపిన కంపెనీ పేరు ఫుటర్‌లో అలాగే మిగిలిపోవడమూ అప్పుడే జరుగుతుంది.

బడ్జెట్

ప్రతి పద్దులో ఎన్ని, ఎంత చొప్పున, ఎన్నాళ్లు అన్నవి విడివిడిగా కనపడాలి. సర్వేలోని 96 మందిలో 60 మందిని కేంద్రంలో చేర్చుకుంటామనుకుని వేసిన లెక్క ఇది. ఆ మాట ప్రపోజల్‌లోనూ రాయండి.

ఇద్దరు టీచర్లు, రోజుకు రెండున్నర గంటలు: 9,000 × 2 × 11 నెలలు = 1,98,000
కోఆర్డినేటర్, సగం సమయం: 10,000 × 12 = 1,20,000
గది అద్దె: 8,000 × 11 = 88,000
కరెంటు, నీళ్లు, శుభ్రం చేయడం: 2,000 × 11 = 22,000
పుస్తకాలు, వర్క్‌బుక్‌లు: 60 × 700 = 42,000
చిరుతిండి: 48 × 12 రూపాయలు × 220 రోజులు = 1,26,720
మూడుసార్లు పరీక్ష: 60 × 50 × 3 = 9,000
చాపలు, బోర్డు, లైట్లు, ఫ్యాన్లు: 30,000
అకౌంట్లు, ఆడిట్: 40,000
మొత్తం: 6,75,720. పిల్లాడికి 11,262.

చిరుతిండికి 60 కాకుండా 48 ఎందుకంటే, 60 మంది చేరినా రోజూ అందరూ రారు. హాజరు 80 శాతం అనుకుంటే 48. రోజులు 220 ఎందుకంటే దసరా, సంక్రాంతి సెలవులు, ఆదివారాలు, పరీక్షల రోజులు పోతాయి. ఈ రెండు మాటలూ పద్దు కింద చిన్న అక్షరాల్లో రాయండి. 60 × 12 × 365 అని వేసినవాళ్లు కేంద్రం ఎప్పుడూ నడపలేదని అర్థమైపోతుంది. మొత్తాన్ని ఏడు లక్షలకు గుండ్రంగా చేయాలని ముచ్చటపడొద్దు.

మరికొన్ని చిక్కులున్నాయి. కొటేషన్లు జీఎస్టీ కలిపిన ధరకే తీసుకోండి, మీ సంస్థ ఆ పన్ను వెనక్కి తీసుకోలేదు. ఇంటి యజమాని అడిగే రెండు నెలల అడ్వాన్సు తిరిగొచ్చే డబ్బు కాబట్టి దాన్ని ఖర్చుగా చూపలేరు, సంస్థ నిధుల నుంచే పెట్టుకోవాలి. 'అడ్మిన్ 5 శాతం దాటకూడదట' అని ఆడిట్ ఫీజు కూడా కోసేసేవాళ్లున్నారు. సీఎస్ఆర్ నిబంధనల్లోని 5 శాతం పరిమితి కంపెనీ తన సొంత సీఎస్ఆర్ నిర్వహణకు పెట్టుకునే ఖర్చు మీద. మీ పరిమితి ఆ కంపెనీ మీతో చేసుకునే ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అడిగి తెలుసుకోండి.

ఫలితం

60 మందిలో మొదటి పరీక్షలో కథ చదవలేనివాళ్లు 45 మంది అనుకుందాం. 'ఏప్రిల్ నాటికి వారిలో కనీసం 27 మంది చదువుతారు' అని రాయండి. మిగతావాళ్లు ఏమవుతారని అడిగితే జవాబు ఉండాలి: అద్దె పెరిగి ఇల్లు మారేవాళ్లు, ఊరికి వెళ్లిపోయేవాళ్లు, నెమ్మదిగా నేర్చుకునేవాళ్లు. 100 శాతం అని రాస్తే నమ్మరు, నమ్మినా ఏడాది చివర నిలదీస్తారు.

పిల్లలతో పని కాబట్టి బాలల రక్షణ విధానం, సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్, ఫొటోలకు తల్లిదండ్రుల సంతకం అడుగుతారు. కమ్యూనిటీ హాలు వాడుకుంటామంటే అనుమతి పత్రం జత చేయండి. బస్తీ పెద్దలు నోటిమాటగా ఒప్పుకున్నారన్నది ఫైల్లో పెట్టలేరు.

ఎప్పుడు పంపాలి, డబ్బు ఎలా అడగాలి

ముందు రెండు పేజీల కాన్సెప్ట్ నోట్ పంపండి, అడిగాకే పూర్తి ప్రపోజల్. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, బడులు జూన్‌లో తెరుస్తారు. జనవరి–ఫిబ్రవరిలో నోట్ చేరితే కొత్త ఏడాది ప్రణాళికలో చోటు దొరికే వీలుంటుంది. మేలో పంపితే ఆ ఏడాది కేటాయింపులు అప్పటికే అయిపోయి ఉండొచ్చు.

వాయిదాల దగ్గర చాలామంది ఇచ్చిందే చాలని సంతకం పెట్టేస్తారు. మన కేంద్రం లెక్క చూడండి. పుస్తకాలు, సామాన్లు 72,000. మొదటి పరీక్ష 3,000. జీతాలు, అద్దె, కరెంటు-నీళ్లు, తిండి కలిపి నెలకు 49,520. మొదటి నాలుగు నెలలకే 2,73,080 అవుతుంది. మొదటి వాయిదా 40 శాతం ఇస్తే వచ్చేది 2,70,288. డబ్బు ఎలా ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ సీఏ సంతకంతో ఇచ్చి, రెండో వాయిదా పడేలోపు టీచర్ల జీతం ఆగిపోతుంది, టీచర్ మానేస్తే పిల్లలూ రారు. కాబట్టి 50–40–10 శాతం చొప్పున మూడు వాయిదాలు అడగండి. ఎందుకో ఈ లెక్కతోనే చూపించండి. ప్రాజెక్టు కాలం తేదీల్లో కాకుండా 'మొదటి వాయిదా ఖాతాలో పడిన రోజు నుంచి' అని ఎంఓయూలో (కంపెనీతో చేసుకునే ఒప్పందంలో) రాయించుకోండి. లేదంటే డబ్బు ఆగస్టులో వచ్చినా, 11 నెలల ఫలితాన్ని 9 నెలల్లో చూపించమంటారు.