స్కీయింగ్ నేర్చుకుందాం – 5వ పాఠం: షిన్ నొప్పి, బూటు బిగింపు

ఈ వారం మలుపులు మొదలుపెడదామనుకున్నాను. ఇప్పుడు కుదరదు. 4వ పాఠం చదివి స్కీ బూట్లు తొడుక్కున్నవాళ్ళలో చాలామంది కాళ్ళు నొప్పి అంటున్నారు. ప్రొద్దుటూరు అబ్బాయి ఒకడు ఫోటో పంపాడు. చీలమండకు జానెడు పైన, కాలి ముందు ఎముక మీద అడ్డంగా ఎర్రటి గీత. బద్వేలు టీచరమ్మ ఒకరు "సార్, పై బకిల్ చివరి పన్ను దాకా లాగాను, అయినా తగ్గలేదు" అని రాశారు (బకిల్ అంటే బూటును బిగించే కొక్కెం, అది తగిలించడానికి వరసగా పళ్ళుంటాయి). ఆదివారం కడపలో మా మిద్దె మీదికి వచ్చిన నలుగురిలో ఇద్దరు నొప్పికి భయపడి బకిల్స్ అన్నీ వదులు చేసుకున్నారు. "పాదం కదలకూడదు" అని 4వ పాఠంలో ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఎలా కదలకుండా చేయాలో చెప్పకపోవడం నా తప్పు. ఈ పాఠమంతా దాని గురించే.

ఆ ముందు ఎముకను ఇకపై షిన్ అందాం.

ముందు ఒక చిన్న పని చేయండి. బొటనవేలితో షిన్ మీద గట్టిగా నొక్కి పట్టుకోండి. ఓర్చుకోగలరు. ఇప్పుడు వేలి కణుపుతో అంగుళం దూరం నుంచి అదే చోట పదిసార్లు కొట్టండి. నాలుగో దెబ్బకే చాలనిపిస్తుంది. షిన్ మీద కండ లేదు, చర్మం కిందే ఎముక. బూటు నాలుక (లోపల షిన్ ముందుండే పలక) షిన్‌కు ఆనుకొని ఉంటే అది నొక్కడం. మధ్యలో సందు ఉంటే మంచు మీద ప్రతి గతుకు దగ్గరా అది కొట్టడం. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఎన్ని దెబ్బలవుతాయో ఊహించుకోండి. అందుకే నొప్పి అని వదులు చేస్తే నొప్పి ఇంకా పెరుగుతుంది.

సందు మొదట సైజు దగ్గరే పుడుతుంది. నేను స్కీయింగ్‌కు కాశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్ళిన మొదటి ఏడాది అద్దె షాపులో నా 26.5 పాదానికి 28.5 బూటు ఇచ్చి "హాయిగా ఉంటుంది" అన్నారు. నిజంగానే మొదటి గంట హాయిగా ఉంది. మూడో రోజుకు షిన్ వాచింది, బొటనవేలి గోరు నల్లబడింది. స్కీ బూటు నంబరంటే సెంటీమీటర్లలో పాదం పొడవు, అంతే. 26, 26.5 రెండింటికీ సాధారణంగా బయటి గట్టి ప్లాస్టిక్ డొల్ల, అంటే షెల్, ఒకటే ఉంటుంది. కాబట్టి అర సైజు కోసం అద్దె షాపులో గొడవపడకండి, పూర్తి సైజు పెద్దది ఇస్తే మాత్రం తీసుకోకండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకు తగులుతాయి. చాలామంది ఇక్కడే కంగారుపడి పెద్దది అడుగుతారు. మోకాళ్ళు వంచి చూడండి, మడమ వెనక్కి జరిగి వేళ్ళకు చోటు వస్తుంది. అనుమానం ఉంటే లోపలి మెత్తటి లైనర్ బయటికి లాగి, ఒట్టి షెల్‌లో కాలు పెట్టి, వేళ్ళు ముందుకు ఆనించి, మడమ వెనక ఖాళీ కొలవండి. ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు సరిపోతుంది. రెండున్నర దాటితే ఆ బూటు మీది కాదు.

ఇప్పుడు సాక్స్ సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఏటా చెబుతున్నా ఏటా ఇదే తప్పు చేస్తున్నారు. రాయచోటి నుంచి వచ్చిన తమ్ముడు ఉన్ని సాక్స్ రెండు జతలు వేసుకున్నాడు. మంచులోకి వెళ్తున్నామని వాళ్ళమ్మ కొనిచ్చిందట. ఆ తల్లి ప్రేమను కాదనను, కానీ బూటులోకి ఒక్క జతే వెళ్ళాలి, అదీ పలచటిది. రెండు జతలుంటే ఒకదాని మీద ఒకటి జారి ముడతలు పడతాయి. ముడత షిన్ మీద పడితే తాడు కట్టినట్టే. పైగా మందపు ఉన్ని గంటలో అణిగిపోతుంది. పొద్దున సరిగ్గా బిగించిన బూటు పదకొండుకల్లా వదులవుతుంది, సందు పుడుతుంది, దెబ్బలు మొదలవుతాయి. ఇంకో సంగతి, పాదం బిగుసుకుని రక్తం ఆడక వేళ్ళు ఇంకా చల్లబడతాయి. వెచ్చదనం కోసం వేసిన రెండో జతే చలి తెస్తుంది.

సాక్స్ మోకాలి కింద దాకా రావాలి. పొట్టి సాక్స్ అంచు బూటు లోపలే ఆగిపోయి షిన్‌ను కోస్తుంది. ప్రొద్దుటూరు అబ్బాయి కాలి మీద గీత మాత్రం సాక్స్ గీత కాదు, థర్మల్ ప్యాంటు (చలికి లోపల వేసుకునేది) అంచు. ఆ అంచులో ఎలాస్టిక్, కుట్టు, మడత మూడూ ఉంటాయి. దాన్ని నాలుక కింద పెట్టి బకిల్ లాగితే ఎముకకూ ప్లాస్టిక్కుకూ మధ్య పుల్ల పెట్టి నొక్కినట్టు. థర్మల్‌ను బూటు పై అంచు దాటేలా పైకి లాగండి. నేనైతే నా థర్మల్స్ అన్నిటినీ మోకాలి కింద నాలుగు వేళ్ళ దగ్గర కత్తిరించేశాను. స్కీ ప్యాంటు లోపల ఎలాస్టిక్ గుడ్డ ఉంటుంది కదా, అది కూడా బూటు మీదికి రావాలి, లోపలికి కాదు. బూటులో కాలు, ఒక సాక్, ఇంకేమీ వద్దు. ఇంట్లో సాధనకు పలచటి ఫుట్‌బాల్ స్టాకింగ్స్ చాలు.

ఇక బిగింపు. పాదం పెట్టి, నాలుక మధ్యలో ఉందో లేదో చేత్తో తడిమి, మడమను నేలకు రెండుసార్లు తాటించండి. పై రెండు బకిల్స్ కొంచెం వదులుగా వేయండి. ఇప్పుడు మోకాళ్ళు ముందుకు పదిసార్లు వంచండి. మడమ వెనక గూట్లో కూర్చుంటుంది. ఆ తర్వాత మీగాలి మీది బకిల్, మళ్ళీ పై రెండూ ఒక్కో పన్ను గట్టిగా. వేళ్ళ మీది బకిల్ ఊరికే తగిలించండి, దానితో పాదాన్ని పట్టుకోవాలని చూడకండి. కొందరు మీగాలి బకిల్ ముందు వేస్తారు, నాకు ఈ వరస నప్పింది. ఒక పన్నుకు వదులు, మరో పన్నుకు బిగువు అయితే బకిల్ తీగను చేత్తో తిప్పండి, మరలాగా పొడవు మారుతుంది. ఈ సంగతి తెలియకే బద్వేలు టీచరమ్మ చివరి పన్ను దాకా వెళ్ళారు.

పైన ఉండే వెల్క్రో పట్టీని అందరూ షెల్ మీద చుడతారు. నేను షెల్ లోపల, నేరుగా నాలుక మీద చుడతాను. సన్న కాళ్ళవాళ్ళకు ఇది బాగా పనిచేస్తుంది.

అయినా సందు పోకపోతే లైనర్‌కూ షెల్‌కూ మధ్య, నాలుకకు రెండు పక్కలా పలచటి ఫోమ్ అతికించండి. నొప్పి ఉన్నచోట నేరుగా పెట్టొద్దు. పుండు మీద దిండు పెడితే నొక్కుడు పెరుగుతుంది, చుట్టూ పెడితే తగ్గుతుంది.

ఇంకో పరీక్ష. బూట్లు లేకుండా, మడమలు నేలకు ఆనించి గొంతుక్కూర్చోండి. మన ఊళ్ళలో పెద్దవాళ్ళు గంటలు కూర్చుంటారు. కుర్చీలకు అలవాటుపడ్డ మనకే మడమ లేస్తుంది. లేచిందంటే చీలమండ బిగుసుకుందని, బూటులోనూ మడమ లేచి షిన్ నాలుకను గుద్దుతుందని అర్థం. అలా మడమ లేచినవాళ్ళు లైనర్ కింద, మడమ దగ్గర మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క పెట్టుకోవాలి. నాకు ఏడు రోడ్ల దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన తోలుతో కోసిచ్చాడు, ఒక వైపు మందం, ఒక వైపు పలచన. ఐదేళ్ళుగా అదే వాడుతున్నా.

కడపలో సరిపోయిన బిగింపు గుల్మార్గ్‌లో సరిపోదు. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, సున్నా కిందికి వెళ్తే కర్రలా అవుతుంది. అక్కడ రాత్రి బూట్లు గదిలోనే ఉంచండి, బుఖారీకి (గదిని వెచ్చబెట్టే పొయ్యికి) మరీ దగ్గర పెట్టకండి. లైనర్ తీసి ఆరబెట్టండి.

సాధన: పది రోజులు, రోజూ నలభై నిమిషాలు, పొద్దున ఏడులోపు. ఎండెక్కితే పాదాలు ఉబ్బుతాయి, లెక్క తప్పుతుంది. నున్నటి గచ్చు మీద జారతారు, పట్టా పరుచుకోండి, గోడ పట్టుకోండి. సాక్‌కూ నాలుకకూ మధ్య బస్సు టికెట్ అంత కాగితం పెట్టి, కొస బయటికి ఉంచి, యాభై చొప్పున నాలుగుసార్లు మోకాళ్ళు వంచండి. లేచేటప్పుడు పూర్తిగా నిటారు కావద్దు, షిన్ నాలుకను వదలకూడదు. కాగితం కిందికి జారితే సందు ఉన్నట్టే, మళ్ళీ బిగించుకోండి. వేళ్ళు తిమ్మిరెక్కితే వెంటనే బకిల్స్ విప్పి ఐదు నిమిషాలు ఆగండి. బూటు తీసిన మర్నాడు కూడా ఎముక మీద ఒకే చోట నొప్పి ఉంటే సాధన ఆపి డాక్టరుకు చూపించండి.

పదో రోజు బూటు విప్పగానే సాక్ తీసి షిన్ ఫోటో పంపండి, రెండు కాళ్ళదీ. సాక్ గీతలు నిలువుగా, పైనుంచి కిందికి ఒకేలా అచ్చుపడి ఉంటే మీ బూటు కుదిరింది. అడ్డగీత ఉంటే లోపల ఏదో గుడ్డ మడత ఉంది. ఒకచోట గుండ్రంగా ఎర్రబడితే సందు ఇంకా ఉంది, అలాంటివాళ్ళు 6వ పాఠం మొదలుపెట్టకుండా ఆదివారం బూట్లతో మా మిద్దెకు రండి.