చిత్తూరు మామిడి గుజ్జును పొరుగు దేశాలకు పంపేటప్పుడు సుంకం రాయితీ పొందడం ఎలా

దక్షిణాసియా దేశాల కూటమి అయిన సార్క్ దేశాల మధ్య 2004లో ఇస్లామాబాద్‌లో కుదిరి, 2006 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన సాఫ్టా (దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య) ఒప్పందం కింద దిగుమతి సుంకంలో రాయితీ లభిస్తుంది. అయితే ఆ రాయితీ తనంతట తాను రాదు, కాగితాలతో రుజువు చేసి రాబట్టుకోవాలి.

ధర మాట్లాడుకోకముందే, కొనే దేశపు సున్నిత వస్తువుల జాబితాను తెరిచి మీ సరుకు అందులో ఉందేమో చూడండి. ఉంటే ఈ రాయితీ వర్తించదు. చాలామంది ఈ పనిని చివరికి వదిలేస్తారు, అదే అసలు పొరపాటు. శ్రీలంకకు పంపేవారు 1998లో సంతకమై 2000లో అమల్లోకి వచ్చిన భారత్-శ్రీలంక ద్వైపాక్షిక ఒప్పందాన్ని కూడా పోల్చి, ఏది లాభమో తేల్చుకోవాలి.

ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడ్) నంబరు, వ్యవసాయ ఎగుమతులను చూసే కేంద్ర సంస్థ అపెడాలో నమోదు ఉన్నాక, సరుకు మన దేశానిదేనని చెప్పే మూల ధ్రువీకరణ పత్రానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. తోతాపురి కాయ మన తోటలదే కనుక మూలం నిరూపించడం తేలికే. రైతుకు చెల్లించిన రసీదులు, తూకం చీటీలు, ఫ్యాక్టరీ రికార్డు భద్రపరచండి. ఇన్వాయిస్‌లోనూ, ధ్రువపత్రంలోనూ, డ్రమ్ము మీది లేబుల్‌లోనూ సరుకు పేరు, బరువు ఒక్కటిగా ఉండాలి: ఒకచోట ‘గుజ్జు’ అనీ మరొకచోట ‘రసం’ అనీ రాస్తే అవతలి కస్టమ్స్ అధికారికి అవి రెండు వేర్వేరు సరుకులు.

కొలంబోకు పంపడానికి చిత్తూరు నుంచి చెన్నై రేవు దగ్గర. నేపాల్‌కు రక్సౌల్ మీదుగా, బంగ్లాదేశ్‌కు పెట్రాపోల్ మీదుగా రోడ్డు మార్గం ఉంది.