పీసీబీ అంచున గార్డ్ రింగ్: వేయడం, తెంచడం, కలపడం

వేలు తగిలే కనెక్టర్లు, బటన్లు ఉన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుకు (పీసీబీ) అంచు చుట్టూ గార్డ్ రింగ్, అంటే రాగి పట్టీ, వేయండి. వేలి నుంచి దూకే స్టాటిక్ స్పార్క్ ముందు ఆ రాగిని తాకి, ఐసీ (చిప్) దాకా రాకుండా గ్రౌండ్‌కు పోవాలి.

రెండు లేయర్ల బోర్డైతే పైనా కిందా 2.5 మి.మీ. వెడల్పు పట్టీ చాలు. కోత అంచుకు 0.5 మి.మీ. వదలకపోతే రాగి లేచిపోతుంది. ప్రతి 10 మి.మీ.కు ఒక వయాతో (లేయర్లను కలిపే, లోపల రాగి పూసిన రంధ్రం) రెండు పట్టీలనూ కలపండి. రింగ్ మీద సోల్డర్ మాస్క్ (బోర్డు మీది రంగు పూత) ఉండకూడదు. చాలామంది మరిచిపోయేది ఇదే. మాస్క్ ఉంటే స్పార్క్ పక్కనే తెరిచి ఉన్న ప్యాడ్‌ను (భాగాలను సోల్డర్ చేసే రాగి చోటు) పట్టుకుంటుంది.

రింగ్‌ను పూర్తిగా మూసేయకండి. మూస్తే అది లూప్ యాంటెనా అవుతుంది. కనెక్టర్లకు దూరంగా ఒకచోట 0.5 మి.మీ. తెంచండి. రెండు లేయర్లలోనూ సరిగ్గా ఒకేచోట తెంచాలి, లేదంటే వయాల ద్వారా లూప్ మళ్లీ మూసుకుంటుంది. రీసెట్, క్రిస్టల్ ట్రాక్‌లను (రాగి గీతలను) రింగ్ పక్కన సమాంతరంగా నడపకండి.

అసలు కీలకం రింగ్‌ను ఎక్కడ కలుపుతారన్నది. స్టాటిక్ స్పార్క్‌ను పరికరం తట్టుకుంటుందా అని చూసే ఐఈసీ 61000-4-2 పరీక్షలో 8 కేవీ కాంటాక్ట్ డిశ్చార్జ్‌కు (మొన నేరుగా తాకించి వదిలేది) కరెంటు ఒక నానోసెకనులోపే 30 ఆంపియర్లకు చేరుతుంది. 10 మి.మీ. సన్నని ట్రాక్ ఇండక్టెన్స్ (కరెంటు మార్పును అడ్డుకునే గుణం) సుమారు 10 నానోహెన్రీలు. అంటే ఆ కాస్త ట్రాక్ మీదే 300 వోల్టులకు పైగా లేస్తుంది. అందుకే కలిపేచోట ట్రాక్ పొట్టిగా, వెడల్పుగా ఉండాలి, నాలుగైదు వయాలు పడాలి. లోహపు పెట్టె అయితే కనెక్టర్ పక్కనున్న స్క్రూ దగ్గర కలపండి, స్క్రూ కింద పెయింట్ గీకేయండి. ప్లాస్టిక్ పెట్టె అయితే కేబుల్ వచ్చే కనెక్టర్ దగ్గరే గ్రౌండ్ ప్లేన్‌కు (గ్రౌండ్‌గా పరిచిన రాగి పొర) కలపండి. అవతలి మూలన కలిపితే ఆ కరెంటంతా ఐసీల కిందుగా బోర్డు దాటి వస్తుంది. ఎక్కడా కలపకుండా వదిలేస్తే ఇంకా ప్రమాదం: రింగ్ ఛార్జ్ అయి, పక్క ట్రాక్ మీదికి రెండో స్పార్క్ వేస్తుంది.

కనెక్టర్ పిన్నుల గుండా వచ్చే డిశ్చార్జ్‌ను రింగ్ ఆపలేదు. దానికి ప్రతి లైనుకూ టీవీఎస్ డయోడ్ (వోల్టేజీ ఎగిస్తే దాన్ని గ్రౌండ్‌కు మళ్లించేది) కావాలి. యూఎస్‌బీ డేటా లైన్లకు తక్కువ కెపాసిటెన్స్ రకం తీసుకోండి. డయోడ్‌ను కనెక్టర్ వెనకే పెట్టి, ట్రాక్‌ను దాని ప్యాడ్ మీదుగానే ఐసీకి తీసుకెళ్లండి. పక్కకు కొమ్మలా లాగితే ఆ కొమ్మ ఇండక్టెన్స్ వల్ల డయోడ్ పెట్టీ లాభం లేకుండా పోతుంది.