హెచ్‌డీ ఛానెళ్లు లాక్ కాని ట్యూనర్ కార్డు: నా అనుభవం
ఇంటి కంప్యూటర్‌లో డిష్ నుంచి వచ్చే టీవీ ప్రసారాలను అందుకునే పాత ట్యూనర్ కార్డు మామూలు ఛానెళ్లను చక్కగా చూపిస్తున్నా, హెచ్‌డీ ఛానెళ్ల దగ్గర మాత్రం సిగ్నల్ నిండుగా ఉందంటూనే లాక్ అయ్యేది కాదు, అంటే ప్రసారాన్ని పట్టుకోలేకపోయేది. డిష్‌లో లోపం లేదని దానితోనే తేలింది. ఆ కార్డు డీవీబీ-ఎస్ అనే పాత శాటిలైట్ పద్ధతిలో వచ్చే ప్రసారాలను మాత్రమే చదవగలదు. హెచ్‌డీ ప్రసారాలు ఎక్కువగా దాని తర్వాతి తరమైన డీవీబీ-ఎస్2 పద్ధతిలో, తరచుగా 8పీఎస్‌కే మాడ్యులేషన్‌తో (సిగ్నల్‌లో సమాచారాన్ని కూర్చే ఒక విధానంతో) వస్తాయి. సాఫ్ట్‌వేర్ మార్చితే తీరే లోటు కాదది.

కొత్త కార్డు ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు డ్రైవర్, అంటే కార్డును కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్ సంగతి చూశాను. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌లోనే మద్దతు ఉన్న చిప్ అయితే, తయారీదారు పట్టించుకోవడం మానేసినా ఆ కార్డు అక్కరకు వస్తుంది. డిష్ ముందు ఉండి సిగ్నల్‌ను అందుకునే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు కేబుల్ ద్వారా కార్డే అందించాలి కాబట్టి, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) నుంచి విడిగా పవర్ తీసుకునే, మదర్‌బోర్డు స్లాట్‌లో అమర్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డునే తీసుకున్నాను. స్కాన్ చేయగానే ఉచిత హెచ్‌డీ ఛానెళ్లన్నీ లాక్ అయ్యాయి.