హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎన్ని గంటలు? చేత్తో లెక్క వేసుకునే పద్ధతి

మొదటిసారి అమ్మాయి దగ్గరికి డాలస్ వెళ్ళినప్పుడు, టికెట్ మీద దుబాయ్‌లో ఉదయం 9.50కి ఎక్కి సాయంత్రం 4.50కి దిగుతామని ఉంటే, ఏడు గంటలే కదా అనుకున్నాను. మా వారి షుగర్ మాత్రలు ఒక పూటకి సరిపడా హ్యాండ్‌బ్యాగులో పెట్టి, మిగతావన్నీ పెద్ద సూట్‌కేసులో సర్దేశాను. తీరా చూస్తే గాల్లోనే 16 గంటలు. ఆయన రాత్రి మాత్ర వేసుకోకుండానే దిగారు. ఆ భయం ఇంకెవరికీ వద్దని, మా కాలనీలో పిల్లల దగ్గరికి వెళ్ళే వాళ్ళకి ఈ లెక్క కాగితం మీద వేసి ఇస్తున్నాను.

టికెట్‌లో వేసే టైములు ఏ ఊరివి ఆ ఊరివే. అన్నిటినీ మన టైములోకి మార్చండి. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. డాలస్ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మార్చి రెండో ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి, అప్పటినుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా తేడా పదిన్నర గంటలే.

మాది మే నెల ప్రయాణం. శంషాబాద్‌లో తెల్లవారుజామున 4.25కి బయల్దేరాం. దుబాయ్‌లో దిగింది 6.40, అంటే మనకి 8.10. మూడు గంటల ముప్పావు అయిందన్నమాట. మళ్ళీ ఎక్కిన 9.50 మనకి 11.20. డాలస్ సాయంత్రం 4.50 మనకి మర్నాడు తెల్లవారుజామున 3.20. పదహారు గంటలు అక్కడే తేలాయి. దుబాయ్‌లో ఆగిన మూడు గంటల పది నిమిషాలు కలిపి మొత్తం 22 గంటల 55 నిమిషాలు.

దూరం తెలియాలంటే గ్లోబు, దారం చాలు. గోడ మీది మ్యాపులో కొలవకండి, అది తప్పు చూపిస్తుంది. దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండోది డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. అది అట్లాంటిక్ మీదుగా కాదు, ఉత్తర ధ్రువం పక్కనుంచి పోతుంది! నేను సోషల్ టీచర్‌గా చేసినన్నాళ్ళూ పిల్లలకి ఇది చూపించి, వాళ్ళ మొహాలు చూసేదాన్ని. ఆ దారాన్ని భూమధ్యరేఖ మీద పరచండి. రేఖ మొత్తం సుమారు 40,000 కిలోమీటర్లు, దారం అందులో మూడో వంతుకి కాస్త ఎక్కువ వస్తుంది. సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే 2,550, 12,900 కలిపి దాదాపు 15,450.

పెద్ద విమానం గంటకి దాదాపు 900 కిలోమీటర్లు పోతుంది. 12,900ని 900తో భాగిస్తే 14 గంటల 20 నిమిషాలు. విమానం రన్‌వే దాకా వెళ్ళడానికి, పైకి లేవడానికి, కిందికి దిగడానికి ఓ 40 నిమిషాలు కలపండి. మిగతా గంట గాలిది, దారి మళ్ళింపులది. పైన పడమర నుంచి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది. అందుకే వెళ్ళేటప్పుడు 16 గంటలు పట్టిన దారి, తిరిగొచ్చేటప్పుడు పద్నాలుగున్నర చిల్లరలో అయిపోతుంది.

గగనతలం మూసేసినా టైము పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకి దారి మూశాక ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళేవి చుట్టూ తిరగాల్సి వచ్చింది. అందుకని ప్రయాణానికి ముందురోజు టైములు మళ్ళీ చూసుకోండి.

లెక్క తేలాక ఆ గంటలు కాగితం మీద వరసగా రాసి, ఏ మాత్ర ఎప్పుడో మీ డాక్టర్‌ని అడిగి పక్కనే రాయించుకోండి. రెండు రోజుల మాత్రలు, ప్రిస్క్రిప్షన్ హ్యాండ్‌బ్యాగులోనే ఉండాలి.